చంక దిగిన తరువాత

మా ఇంటికి ఎక్కవలసిన మెట్లు 54. విశాఖపట్నం మహారాణిపేటలో పాతకాలపు మేడ, మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఈ ఇంట్లోకి వచ్చి ఏడేళ్ళు దాటినా మెట్ల సంఖ్య నాకు చాలాకాలం తెలియదు. మొదటి రెండేళ్ళూ లెక్కపెట్టవలసిన అవసరం కలగలేదు. ఆ తరువాతి నాలుగేళ్ళూ ఎడమ చంకలో పాప, కుడి చేతిలో కూరగాయల సంచి, చిటికెన వేలికి తాళంచెవుల గుత్తి ఉండడం వల్ల తీరిక కలగలేదు. లెక్కపెట్టింది పాప. అది కూడా చంక దిగిన తరువాతనే.

చంక దిగడం ఒక్కనాటి పని కాదని, ఏ రోజు ఆఖరిసారి ఎత్తుకున్నామో తల్లిదండ్రులకు తెలియకుండానే జరిగిపోతుందని చాలామంది అంటూ ఉంటారు. నా విషయంలో అది నిజం కాదు. నాకు నెల గుర్తుంది, సమయం గుర్తుంది, మెట్ల మలుపు కూడా గుర్తుంది.

అది 2024 మే నెల. రోహిణి కార్తె ఎండకు సముద్రపు తేమ తోడైతే విశాఖపట్నంలో సాయంత్రాలు ఎలా ఉంటాయో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. పగలంతా మా ఆడపడుచు ఇంట్లో ఉండే పాపను ఆఫీసు నుంచి వస్తూ తీసుకుని మెట్లెక్కుతుండగా, రెండో అంతస్తు మలుపులో తను ఆగిపోయి, చేతులు రెండూ పైకి చాచి, "ఎత్తుకో" అంది. సంచి కింద పెట్టకుండానే ఒంగి, ఒక చేత్తో తన నడుమును చుట్టి, పక్కకు తిరుగుతూ లేపాను. నా నడుములో ఎవరో తాడు బిగించి గుంజినట్టయింది. పాపను ఎలా దింపానో గుర్తు లేదు గాని, గోడకు ఆనుకుని కూర్చుండిపోయి, సంచిలోని ఉల్లిపాయలు ఒక్కొక్కటే మెట్ల మీదుగా దొర్లిపోతుంటే లేచి పట్టుకోలేక చూస్తూ ఉండడం మాత్రం బాగా గుర్తుంది. పాప వాటి వెంట పరుగెత్తి, గౌను ఒడిపట్టి ఏరుకొచ్చింది.

ఎముకల డాక్టరు గారు పరీక్షించి, వెన్నుపూసల మధ్య డిస్కులకు ఏమీ కాలేదని, కండరం పట్టేసిందని చెప్పి, ఆరు వారాల పాటు పాపను ఎత్తుకోవద్దన్నారు. "పాప బరువెంత?" అని అడిగారు. 16 కిలోలు అని పైకి చెప్పేసరికి నాకే ఆశ్చర్యం వేసింది. మన ఇళ్ళకు వచ్చే వంటగ్యాసు సిలిండరులో నింపే గ్యాసు 14.2 కిలోలు. సిలిండరును వంటింట్లో నాలుగడుగులు జరపాలన్నా మావారు షిఫ్టు ముగించుకుని వచ్చేదాకా ఆగే నేను, అందులోని గ్యాసు కన్నా ఎక్కువ బరువును రోజుకు ఇరవైసార్లు ఎత్తి దింపుతున్నానన్నమాట. (ఇనుముతో కలిపి ముప్పై కిలోలకు దగ్గరగా తూగే ఆ సిలిండరును భుజాన వేసుకుని మా 54 మెట్లూ ఎక్కి వచ్చే అబ్బాయి నడుము సంగతి ఎవరూ అడగరు. నా నడుము పట్టేసిన తరువాత అతనికి మంచినీళ్ళతో పాటు కుర్చీ కూడా వేస్తున్నాను.)

ఇంత బరువు పెరుగుతుంటే నాకెందుకు తెలియలేదని ఆలోచిస్తే, దానికి కారణం పిల్లలు పెరిగే తీరులోనే ఉందనిపించింది. బిడ్డ బరువు పుట్టినప్పటితో పోలిస్తే ఐదో నెలకు దాదాపు రెట్టింపు అవుతుంది, ఏడాది నిండేసరికి మూడు రెట్లు అవుతుంది. ఆ వేగం కళ్ళకూ చేతులకూ తెలుస్తుంది కాబట్టి అందరం దాన్ని చెప్పుకుని మురిసిపోతాం. రెండేళ్ళు దాటాక పెరుగుదల ఏడాదికి రెండు కిలోలకు కాస్త అటూ ఇటూగా నెమ్మదిస్తుంది. అంటే నిజంగా బరువెక్కే వయసు వచ్చేసరికి బరువు పెరగడం కనిపించకుండా పోతుంది. రోజూ ఎత్తుకునే చేతులకు నిన్నటి పిల్లే ఈ రోజు పిల్ల. పండక్కి వచ్చిన మా అన్నయ్య ఎత్తుకోబోయి "అబ్బో" అన్నప్పుడు, ఆయనకు అలవాటు లేదు పాపం అనుకున్నాను.

డాక్టరు గారు ఇంకో సంగతి కూడా చెప్పారు. ఒక పక్క చంకలో బిడ్డ ఉన్నప్పుడు వెన్నెముక రెండో పక్కకు ఒంగి ఆ బరువును సరిచూసుకుంటుందట. నాలుగేళ్ళ పాటు నా వెన్ను అదే పని చేస్తూ వచ్చింది. ఆ రోజు నొప్పికి కారణం పాప బరువొక్కటే కాదని, చేతులు చాచి దూరం నుంచి లేపడమూ, లేపుతూ మెలితిరగడమూ అని వివరించి, మోకాళ్ళు వంచి కూర్చుని, బిడ్డను ముందు గుండెకు హత్తుకుని, ఆ తరువాత తొడల బలంతో లేవాలని తానే కుర్చీలోంచి లేచి చేసి చూపించారు. ఆరు వారాల తరువాత అలాగే ఎత్తుకుందామని నేను మనసులో రాసిపెట్టుకున్నాను.

ఈ సందర్భంలో ఒక మాట గురించి చెప్పాలి. తెలుగులో బరువును ఎత్తుతాం, బిడ్డను ఎత్తుకుంటాం. మూటను మోస్తాం గాని పిల్లను మోస్తున్నామని విసుగు పుట్టినప్పుడు తప్ప అనము. క్రియకు చేరే ఈ 'కొను'ను వ్యాకరణం తెలిసినవారు ఆత్మార్థకం అంటారు. చేసిన పని ఫలం చేసినవారికే దక్కుతుందని దాని భావం. వండడం వేరు, వండుకోవడం వేరు. పిల్ల చేతులు చాచి అడిగేది తన కోసమే అయినా, నోటితో అనే మాటలో మాత్రం "నీ కోసం నన్ను ఎత్తు" అనే అర్థం ఉంది. నాలుగేళ్ళ పాటు రోజుకు ఇరవైసార్లు విన్న మాటలో ఇంత ఉందని, అది వినబడడం ఆగిపోయిన తరువాత గాని నాకు తట్టలేదు.

మా పాప 2020 ఫిబ్రవరిలో పుట్టింది. నెల తిరిగి రెండో నెల నడుస్తుండగా మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. మామూలుగా మన ఇళ్ళలో చంటిబిడ్డ ఒక్కరి చేతుల్లో పెరగదు. నానమ్మ కాళ్ళ మీద స్నానం, అమ్మమ్మ ఒళ్ళో నిద్ర, పక్కింటి పిన్ని గారి భుజం, ఎదురింటి కాలేజీ అమ్మాయి చంక, ఇలా ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ పెరుగుతుంది. మా పాపకు ఆ భాగ్యం లేకపోయింది. మా అత్తయ్య గారు శ్రీకాకుళం దగ్గర పల్లెలో ఉండిపోయారు, మా అమ్మ రాజమండ్రిలో ఉండిపోయింది. మావారు ఉక్కు కర్మాగారంలో షిఫ్టుకు వెళ్ళి వచ్చి, వేడినీళ్ళు పోసుకుని, బట్టలు నానబెట్టి, ఆ పైన కూడా పాపను ముట్టుకోవడానికి భయపడేవారు. అందువల్ల తనకు తెలిసిన చేతులు నావే, నాకు తెలిసిన బరువు తనదే.

రాత్రిపూట తను ఏడిస్తే మేడ మీదికి తీసుకెళ్ళి అటూ ఇటూ నడిచేదాన్ని. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద దీపస్తంభం వెలిగి ఆరుతూ ఉండేది. ఓడరేవు వైపు నుంచి అప్పుడప్పుడు ఓడ కూత తప్ప ఊరంతా నిశ్శబ్దం. నడుస్తున్నంతసేపూ పాప ఊరుకునేది, కాళ్ళు నొప్పి పుట్టి కూర్చోగానే మళ్ళీ ఏడుపు. ఇది నా పాప పెంకితనం అనుకున్నాను గాని, పసిపిల్లలందరి ధర్మమట. 2013లో జపాన్‌లోని రికెన్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆరు నెలల లోపు బిడ్డలను గమనించి, తల్లి ఎత్తుకుని కూర్చున్నప్పటి కన్నా ఎత్తుకుని నడుస్తున్నప్పుడు బిడ్డ ఏడుపు, కదలికలు తగ్గుతాయనీ గుండె కొట్టుకునే వేగం కూడా నెమ్మదిస్తుందనీ చూపించారు. ఎలుక పిల్లలను తల్లి నోట కరుచుకున్నప్పుడు అవి కదలకుండా ముడుచుకుపోవడం కూడా ఇటువంటిదేనట. తల్లి బిడ్డతో కదులుతోందంటే ఆపద నుంచి తప్పించుకుని పోతోందేమో, ఆ సమయంలో గింజుకుంటే ఇద్దరికీ ముప్పు, అన్నది దాని వెనుక ఉన్న తర్కం.

ఆ తర్కం చదివినప్పుడు నాకు 2020 మే 7 గుర్తుకొచ్చింది. ఆ తెల్లవారుజామున మా ఊరి ఆర్.ఆర్. వెంకటాపురంలో రసాయన కర్మాగారం నుంచి విషవాయువు లీకై జనం ఇళ్ళు వదిలి పరుగులు తీశారు. పిల్లలను భుజాన వేసుకుని పరుగెత్తుతున్న మగవాళ్ళను, ఆడవాళ్ళను టీవీలో చూస్తూ, మూడు నెలల పాపను గట్టిగా పొదువుకుని, కిటికీలన్నీ మూసిన గదిలో ఆ రోజంతా గడిపాను. మేము ఉండేది అక్కడికి చాలా దూరం. అయినా ఆ రోజు పాపను కింద పడుకోబెట్టలేదు.

పడుకోబెట్టడం గురించి కూడా అదే సంస్థవారు 2022లో ఒక పద్ధతి చెప్పారు. ఏడ్చే బిడ్డను ఐదు నిమిషాలు ఆగకుండా నడుస్తూ తిప్పి, నిద్రపోయాక మరో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఒళ్ళోనే ఉంచుకుని, అప్పుడు పక్క మీదికి దింపాలట. మాకు ఆలస్యంగా తెలిసింది. అప్పటికి పాపకు రెండేళ్ళు నిండాయి, నాకు దింపగానే లేచే పిల్లతో ఏడు వందల రాత్రులు గడిచాయి.

ఎత్తుకున్నన్నాళ్ళూ నాకు పాప గురించి తెలిసినదంతా ఒంటితోనే తెలిసేది. జ్వరం రాబోతోందని థర్మామీటరు కన్నా ముందు నా మెడ చెప్పేది. నిద్ర ముంచుకొస్తోందంటే తల బరువు మారేది. మెలకువగా ఉన్న పిల్ల మోకాళ్ళతో నా నడుమును పట్టుకుని, నేను ఎటు ఒంగితే అటు సర్దుకుంటూ తన బరువులో కొంత తానే మోసేది. నిద్రలోకి జారగానే ఆ పట్టు వదిలేసేది, అందుకే నిద్రపోయిన పిల్ల ఒక్కసారిగా రెండింతలు బరువనిపిస్తుంది. కొత్తవారిని చూసి బెదిరితే ముందుగా నా జాకెట్టు అంచు పిడికిట్లోకి వెళ్ళేది. ఆకలైతే కాళ్ళు ఊగేవి. ఇవేవీ తను చెప్పినవి కావు, నేను అడిగినవి కావు.

ఇద్దరి ముఖాలూ ఒకే ఎత్తులో ఉండడం వల్ల ఇద్దరం చూసేది కూడా ఒకటే ఉండేది. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ సరకు ఓడ ఒకటి గాలివానకు కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డున చిక్కుకుపోయినప్పుడు, ఊరంతా వెళ్ళి చూసినట్టే మేమూ వెళ్ళాం. ఎనిమిది నెలల పాప అంత పెద్ద ఓడను ఒక్కసారి చూసి, ఆ తరువాత నా మాస్కును లాగడం మొదలుపెట్టింది. నేను ఓడను చూడడం మానేసి, తను ఏం చూస్తోందో చూస్తూ నిలబడ్డాను. ఓడ ఎలా ఉందని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక ఫొటో తప్ప ఏమీ లేదు.

నా చంక ఎప్పుడూ ఎడమదే. కుడి చేయి పనికి కావాలి కాబట్టి అలా అలవాటైందనుకుంటాం. ఎడమచేతి వాటం ఉన్న మా ఆడపడుచు కూడా తన పిల్లలను ఎడమ చంకనే వేసుకునేది కాబట్టి ఆ కారణం పూర్తిగా నిలవదు. లాక్‌డౌన్ సడలిన తరువాత మా అత్తయ్య గారు వచ్చీరాగానే చేయించిన మొదటి పని, పాపను బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరికి తీసుకెళ్ళడం. ఇక్కడి తల్లులు చంటిబిడ్డలను ఆ అమ్మవారి పాదాల చెంత పడుకోబెట్టి మొక్కుకుంటారు. పైకప్పు లేని గుడి, ఎవరి పూజ వారే చేసుకునే గుడి. పాపను దింపి చేతులు జోడించి తలెత్తితే, అమ్మవారికి ఎడమ చేయి పూర్తిగా లేదన్న సంగతి చిన్నప్పటి నుంచి తెలిసినదే అయినా, బిడ్డ తల్లిగా మొదటిసారి తెలిసింది. నా ఎడమ చేయి ఆ క్షణంలో ఖాళీగా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ తెలియకపోవడం నాలుగేళ్ళ తరువాత, ఆరు వారాల విశ్రాంతిలో, మళ్ళీ ఎదురైంది. దుకాణం ముందు నిలబడినప్పుడు కుడి పక్కకు ఒరిగి నిలబడేదాన్ని. బరువు లేకపోయినా నడుము ఆ వంపును వదల్లేదు. ఒకసారి పూర్ణా మార్కెట్లో చింతపండు తూయిస్తూ ఒక్కసారిగా పాప ఏదీ అని కంగారుపడి వెనక్కి తిరిగితే, నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అన్న సామెత మనకు ఉంది. నాది అందుకు తిరగబడిన వ్యవహారం, చంకలో లేదు కాబట్టి వెతుక్కోవడం.

పాప మాత్రం నేను భయపడినట్టు ఏడవలేదు. మొదటి నాలుగు రోజులు అలవాటుగా చేతులు చాచి, ఏదో గుర్తొచ్చినట్టు దించేసుకునేది. ఆ తరువాత "మా అమ్మ నడుం పాడైపోయింది" అని కనిపించినవారందరికీ ప్రకటించడం మొదలుపెట్టింది. పాలబ్బాయికి చెప్పింది, మా వీధి చివర ఇస్త్రీ బండి తాతకు చెప్పింది. మా అత్తయ్య గారు ఫోనులో, "కింద పెడితే చీమలు కుడతాయి, నెత్తిన పెడితే పేలు కొరుకుతాయి అన్నట్టు పెంచావు గుంటని. దానికి కాళ్ళున్నాయి కదేటమ్మా, నడవనీ" అన్నారు. ఆవిడ మాటల్లో ఎత్తిపొడుపు కన్నా నా నడుము మీద బెంగే ఎక్కువని తెలుసు కాబట్టి బదులు చెప్పలేదు.

ఆరు వారాలు గడిచాయి, నొప్పి పోయింది. ఆ సాయంత్రం మెట్ల దగ్గర, డాక్టరు గారు చూపించినట్టే మోకాళ్ళు వంచి కూర్చుని, చేతులు చాచాను. పాప నా వైపు చూసి, "వద్దమ్మా, లెక్కపెట్టాలి" అని మొదటి మెట్టు ఎక్కింది. నేను ఆ భంగిమలోనే కాసేపు ఉండిపోయాను. పైనుంచి దిగి వస్తున్న కింది వాటా మామ్మ గారు ఏదైనా పడిపోయిందా అని అడిగారు. పిన్నీసు అని చెప్పాను. మా ఇంటికి 54 మెట్లని తెలిసింది ఆ రోజే.

నిజానికి అంతకు ముందే ఒక సూచన వచ్చింది, నేనే పట్టించుకోలేదు. పాపకు మూడున్నరేళ్ళప్పుడు బీచ్ రోడ్డులో ఉన్న కురుసుర జలాంతర్గామి లోపలికి తీసుకెళ్ళాం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి మ్యూజియంగా ఉన్న ఆ జలాంతర్గామి పొడవు 91 మీటర్లు ఉన్నా, లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదగాలి. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి ఇనుప ద్వారాల గుండా ఒంగి, కాలు ఎత్తి దాటాలి. చంకలో పిల్లతో అది సాధ్యం కాదు. మొదటి ద్వారం దగ్గరే పాపను దింపక తప్పలేదు. పెద్దవాళ్ళందరం నడుము వంచి, తల తగలకుండా చేయి అడ్డం పెట్టుకుని, అయినా తగిలించుకుంటూ వెళుతుంటే, తను మాత్రం తల వంచే పని లేకుండా ఒక్కో ద్వారం దాటి, అవతలి వైపు నిలబడి "రా అమ్మా, ఏం కాదు" అని ధైర్యం చెప్పింది. నా నుదురు బొప్పి కట్టింది. ఆ రోజు బయటికి రాగానే మళ్ళీ చంకనేసుకున్నాను, అడగకుండానే.

చంక దిగిన పిల్లను చేయి పట్టుకుని నడిపించడం తేలిక అనుకోవడం కూడా తెలియనితనమే. మేము దాన్ని కష్టపడి నేర్చుకున్నాం. 2024 ఆగస్టులో ఒక ఆదివారం బీచిలో, అల వెనక్కి పోతున్నప్పుడు పాప జారబోతే మావారు తన ఒంటి చేయి పట్టుకుని గబుక్కున పైకి లాగారు. పాప కెవ్వున అరిచి, ఆ చేతిని కదపకుండా పక్కకు వేలాడేసుకుంది. విరిగిందేమోనని వణికిపోతూ ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టరమ్మ చూసి, మోచేతి దగ్గర ముంజేతి ఎముక పైకొన దాన్ని పట్టి ఉంచే కట్టు నుంచి కాస్త జారిందని, ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో ఇది తరచుగా జరుగుతుందని చెబుతూనే, ముంజేతిని తిప్పి మడిచి అర నిమిషంలో సర్దేశారు. పది నిమిషాలకు పాప అదే చేత్తో బిస్కెట్టు తింటోంది. మావారు ఆ రాత్రి అన్నం తినలేదు. పిల్లలను ఒంటి చేయి పట్టి లేపకూడదు, గిరగిరా తిప్పకూడదు, లేపవలసి వస్తే చంకల కింద రెండు చేతులూ వేసి లేపాలి. ఈ ఒక్క విషయం మాత్రం చిన్నపిల్లలున్న ఇంట్లో అందరికీ చెప్పి ఉంచమని ఇది చదివేవారిని కోరుతున్నాను.

నడక విషయానికి వస్తే, ఇంటి నుంచి బీచికి నా అడుగులకు పదిహేను నిమిషాల దారి, పాప అడుగులకు నలభై అయిదు. కింగ్ జార్జ్ ఆసుపత్రి దగ్గరి వాలు రోడ్డు, అదే కేజీహెచ్ డౌన్, దిగేటప్పుడు పరుగెత్తకుండా ఆపడం నా పని, తిరుగు ప్రయాణంలో ఆగిపోకుండా నడిపించడం నా పని. (ఎక్కేటప్పుడు కూడా మేము దాన్ని డౌన్ అనే అంటాం.) మొదట్లో ఆ ఆలస్యానికి విసుగు వచ్చేది. తరువాత ఒకసారి తన చెప్పు పట్టీ పెట్టడానికి రోడ్డు పక్కన కూర్చుని తలెత్తితే, పాపకు కనిపించే ఊరు నాకు కనిపించింది. సముద్రం లేదు, డాల్ఫిన్స్ నోస్ లేదు. ఆపి ఉంచిన బైకుల సైలెన్సర్లు సరిగ్గా తన చేతికి అందే ఎత్తులో వేడిగా ఉన్నాయి. కుక్క ముఖం తన ముఖానికి ఎదురుగా ఉంది. మురీ మిక్చర్ బండిలో మసాలాలు కనిపించవు, బండి కింద నిద్రపోతున్న పిల్లి కనిపిస్తుంది. కాలువ మీద పరచిన పలకల సందుల్లోంచి పారే నీళ్ళు కనిపిస్తాయి. తను అడుగడుగునా ఎందుకు ఆగుతోందో అప్పటికి గాని అర్థం కాలేదు. చంకలో ఉన్నప్పుడు ఇద్దరం ఒకే ఊళ్ళో ఉండేవాళ్ళం. ఇప్పుడు తన ఊరు వేరు, నా ఊరు వేరు, దారి మాత్రం ఒకటే.

కాబట్టి అడగడం నేర్చుకోవలసి వచ్చింది. ఇది నాకు సహజంగా రాలేదు. ఒంటితో తెలిసినదాన్ని మాటతో అడగడమంటే, సొంత ఇంట్లోకి తలుపు తట్టి వెళ్ళడం లాగా అనిపించేది. పైగా మాటతో అడిగితే పిల్లలు అబద్ధం చెప్పగలరు. కాళ్ళు నొప్పా అంటే లేదంటుంది, మరు నిమిషంలో రోడ్డు మీద చతికిలబడుతుంది. భయం వేసిందా అంటే లేదంటుంది, రాత్రి నిద్రలో కలవరిస్తుంది. ఒళ్ళు వేడిగా ఉందేమో చూస్తానంటే, బడికి పోవాలన్న ఉత్సాహంతో నుదురు అందనివ్వదు. నేను చూడగలిగేది ఇప్పుడు నా చేతిలో ఉన్న తన అయిదు వేళ్ళను మాత్రమే. వాటికీ ఒక భాష ఉందని మెల్లగా తెలుస్తోంది. కుక్క కనబడితే వేళ్ళు బిగుస్తాయి, స్నేహితురాలు కనబడితే జారిపోతాయి, అలసిపోతే మొత్తం చేయి బరువుగా వేలాడుతుంది. "ఎత్తుకో" పోయి "పట్టుకో" వచ్చింది.

2025 ఫిబ్రవరిలో పాపకు ఐదేళ్ళు నిండాయి. ఆ మర్నాడే బస్సులో కండక్టరు గారు తనను చూసి, "పాపకి ఐదు నిండాయామ్మా?" అని అడిగితే, నేను నోరు తెరిచేలోపే తను "నిన్ననే నిండాయి" అని గర్వంగా చెప్పింది. ఐదు నిండితే అర టికెట్టు. టికెట్టు కొన్నాక నా ఒళ్ళో కూర్చోవడానికి ఒప్పుకోలేదు, తన సీటు తనకు కావాలంది. సీటు దొరకలేదు. నాలుగు స్టాపులు సీటు కమ్మీ పట్టుకుని నిలబడి వచ్చింది గాని ఒళ్ళో కూర్చోలేదు. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు సిటీ బస్సులో టికెట్టు డబ్బు లేకపోవడంతో ఆ అర టికెట్టు ముచ్చట ఆరు నెలలకే ముగిసింది.

మొన్న కార్తీకంలో సింహాచలం వెళ్ళాం. పాప పుట్టక ముందు, 2018లో, మా అత్తయ్య గారి మాట కాదనలేక ఆ గుడిలో కప్పస్తంభాన్ని కౌగిలించుకుని బిడ్డ కోసం మొక్కుకున్నాను. ఆ స్తంభాన్ని కౌగిలించుకుంటే సంతానం కలుగుతుందని ఇక్కడివారి నమ్మకం. నమ్మకం సంగతి నాకు తెలియదు గాని, చల్లటి ఆ రాయి చుట్టూ చేతులు వేసినప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగిన మాట నిజం. ఈసారి పాప తానూ కౌగిలించుకుంటానని పట్టుబట్టింది. చేతులు బార్లా చాపి, చెంప రాతికి ఆనించి నిలబడితే తన చేతులు స్తంభంలో పావు వంతుకు కూడా రాలేదు. "ఇంత లావు దాన్ని నువ్వెలా పట్టుకున్నావు?" అని అడిగింది. నాకూ అందలేదని చెప్పాను.

దర్శనం వరసలో జనం ఒత్తిడికి పాపకు కనిపించేవి నడుములు, సంచులు, అరటిపళ్ళ గెలలు మాత్రమే. గర్భగుడి దగ్గరికి వచ్చేసరికి "కదలండి, కదలండి" అని వెనుక నుంచి తోపులాట. చీర కొంగు లాగి, చాలా నెలల తరువాత, "ఎత్తుకో అమ్మా" అంది. ఆ ఇరుకులో మోకాళ్ళు వంచే చోటు ఎక్కడిది? డాక్టరు గారు చెప్పినవాటిలో గుర్తున్నంత మేరకు, రెండు చేతులూ చంకల కింద వేసి, గుండెకు హత్తుకుని లేపాను. 19 కిలోలు. కాళ్ళు నా మోకాళ్ళ కిందికి వేలాడాయి. చంక ఎక్కడ ఉండేదో తన ఒంటికి గాని నా నడుముకు గాని సరిగ్గా గుర్తు రాలేదు. ఏడాది పొడవునా చందనం పూతలో ఉండే స్వామిని చూసి, "కళ్ళేవి?" అని నా చెవిలో అడిగింది. అక్షయ తృతీయ నాడు తప్ప కనిపించరని చెప్పబోతుంటే, "సరే, చూసేశాను, దించు" అంది.

దించాను. మావారు ప్రసాదం వరస దగ్గర కలుస్తానన్నారు. ఆయన వచ్చేదాకా ఆగి, పులిహోర తిని, బస్సు వద్దు మెట్ల దారిన దిగుదామని పాప అంటే, కొండ కిందున్న తొలిపావంచా వరకు వెయ్యికి పైగా మెట్లుంటాయని హెచ్చరించినా వినలేదు. లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తనకు వంద వరకే వచ్చు. వంద రాగానే ఆగి, "ఒకట్లు నేను లెక్కపెడతాను, వందలు నువ్వు గుర్తుపెట్టుకో" అని నాకు పని అప్పగించి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. ముందు తను, వెనుక నేను, అందరికన్నా వెనుక సంపెంగ పూల పొట్లంతో మావారు. దారిలో ఒక తండ్రి ఎక్కుతూ వస్తున్నాడు, ఆయన భుజాల మీద రెండేళ్ళ పిల్లాడు జుట్టు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పాప వాణ్ణి చూస్తూ నాలుగు మెట్లు లెక్క తప్పి, నా వైపు తిరిగి, "ఇప్పుడెన్నో వంద?" అని అడిగింది. నేను కూడా ఆ పిల్లాణ్ణే చూస్తున్నాను. "నాలుగు" అని చెప్పాను. "మూడు కదా?" అని మావారు వెనుక నుంచి అన్నారు.